ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడిలో వాలంటీర్‌గా సాయపడాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

స్పెషల్ ఎడ్యుకేషన్ తరగతిలో సాయపడాలని ముందుకొచ్చేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఇక్కడ రాసినదానికీ మీ బడిలో స్పెషల్ టీచర్ చెప్పినదానికీ తేడా వస్తే టీచర్ మాటే వినండి. ఆ పిల్లల సంగతి తెలిసింది వాళ్లకే.

ఈ రంగంలో శిక్షణేమీ లేదు. రావచ్చా?

రావచ్చు. ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో టీచర్ నిర్ణయిస్తారు. మీరు అందులో ఒక చెయ్యి వేస్తారు. కావలసింది ఓపిక, చెప్పింది చెప్పినట్టు చేసే అలవాటు, చూసింది ఉన్నదున్నట్టు చెప్పగలగడం. పిల్లలంటే ఇష్టం ఉండాల్సిందే గానీ అదొక్కటే సరిపోదు. ఇష్టం మరీ ఎక్కువైన చోటే పిల్లలు చేసుకోవాల్సిన పని పెద్దవాళ్లు చేసిపెట్టడం మొదలవుతుంది.

చేరేముందు గుర్తింపు పత్రం, నేరచరిత్ర తనిఖీ, మిమ్మల్ని ఎరిగినవాళ్ల సిఫార్సు అడుగుతారు. అనుమానించారని నొచ్చుకోకండి. తనకు జరిగింది నోటితో చెప్పలేని పిల్లలున్న చోట ఈ జాగ్రత్త తప్పనిసరి.

వారానికి ఎంతసేపు రావాలి?

వారానికి ఒక రోజు, గంటన్నర నుంచి రెండు గంటలు చాలు. అయితే అదే రోజు, అదే వేళ రావాలి. చాలా తరగతుల్లో గోడ మీద బొమ్మల టైమ్‌టేబుల్ ఉంటుంది. మీరొచ్చే రోజున మీ ఫొటో కూడా అందులో ఒక కార్డుగా చేరుతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది ఆ వరుసను పట్టుకునే రోజంతా నడుస్తారు. కార్డు ఉండి మనిషి రాకపోతే ఆ రోజు మొత్తం తలకిందులు కావచ్చు. రాలేనప్పుడు ముందు రోజే కబురు చేస్తే టీచర్ ఆ కార్డు తీసేసి పిల్లలకు చెప్పి ఉంచుతారు.

కనీసం ఒక టర్మ్ అయినా ఉండగలననుకుంటేనే మొదలుపెట్టండి. జలుబు, జ్వరం, దగ్గు ఉన్న రోజున మాత్రం మానేయండి. కొందరు పిల్లలకు గుండె, ఊపిరితిత్తుల సమస్యలుంటాయి. మీకు రెండు రోజుల్లో పోయే జలుబు వాళ్లను ఆసుపత్రి దాకా తీసుకెళ్లగలదు.

మొదటి రోజుకు ముందు టీచర్‌ను ఏమేం అడగాలి?

ఎవరికి ఏ జబ్బు అని అడగకండి. అది మీకు చెప్పాల్సిన అవసరం లేదు. మీతో కూర్చోబోయే పిల్లల గురించి పనికొచ్చేవి అడగండి. ఈ బాబు అవునని, కాదని ఎలా చెబుతాడు? ఏ చప్పుడు, ఏ స్పర్శ పడదు? అలిసిపోతే ముందుగా ఏ గుర్తు కనిపిస్తుంది? ఇప్పుడు ఏ ఒక్క పని నేర్చుకుంటున్నాడు? ఫిట్స్, అలర్జీ, మింగడంలో ఇబ్బంది లాంటివి ఉన్నాయా? నేను ఇబ్బందిలో పడితే ఎవరిని, ఎలా పిలవాలి?

మింగడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల కదలిక అదుపు తప్పే స్థితి) ఉన్న కొందరు పిల్లలకు పల్చటి ద్రవాలు గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి జారతాయి. వాళ్లకు నీళ్లు కూడా చిక్కబరిచి ఇస్తారు. దాహమని అడిగాడు కదా అని గ్లాసు అందించడం ప్రమాదం. తినడానికి, తాగడానికి ఏదైనా సరే టీచర్‌ను అడగకుండా ఏ పిల్లలకూ ఇవ్వకండి.

ఏం వేసుకుని రావాలి?

కింద కూర్చుని లేవగలిగే బట్టలు, జారని చెప్పులు. వేలాడే చెవిపోగులు, గొలుసులు, మెడకు చుట్టుకునే స్కార్ఫులు వద్దు, లాగుతారు. జుట్టు ముడి వేసుకోండి. సెంటు రాసుకోకండి. వాసన పడని పిల్లలు మీ దగ్గర కూర్చోలేరు, ఎందుకు కూర్చోలేకపోతున్నారో చెప్పనూలేరు.

ఎంత సాయం చేయాలి? ఎక్కడ ఆపాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. మీరు పక్కన లేని రోజున ఆ పాప ఏం చేసుకోగలుగుతోందో దాన్ని బట్టే మీ సాయం మంచిదో కాదో తేలుతుంది.

సాయానికి మెట్లున్నాయి. అడుగున ఉన్నది ఊరికే ఆగి చూడటం. దాని పైన కళ్లతోనో వేలితోనో చూపించడం, తర్వాత ఒక చిన్న మాట, తర్వాత మీరు చేసి చూపించడం, చిట్టచివర చెయ్యి వేయడం. తెలిసిన పనైతే అడుగు మెట్టు నుంచే మొదలుపెట్టండి, అవసరమైతేనే ఒక్కో మెట్టు ఎక్కండి. కొత్త పని నేర్పేటప్పుడు టీచర్ పైమెట్టు నుంచి మొదలుపెట్టి సాయం తగ్గిస్తూ రమ్మనవచ్చు. తప్పులు అలవాటు కాకుండా అలా చేస్తారు. ఏ పనికి ఏ పద్ధతో ముందే అడిగి తెలుసుకోండి.

కోటు జిప్పు సంగతి చూద్దాం. మనకు అది ఒక్క పని, నేర్చుకునే పాపకు ఐదారు పనులు. కోటు రెండు అంచులూ దగ్గరకు తేవాలి, పిన్నును జిప్పు పెట్టెలోకి దూర్చాలి, అడుగు దాకా నొక్కాలి, ఒక చేత్తో కింద పట్టుకోవాలి, రెండో చేత్తో జిప్పు పట్టీని పట్టాలి, పైకి లాగాలి. ఇలాంటివి చివరి నుంచి వెనక్కి నేర్పడం మంచి పద్ధతి. మొదట మీరు అన్నీ చేసి, ఛాతీ దాకా జిప్పు తెచ్చి ఆపండి. ఆ కాస్త పైకి లాగడం పాప పని. అది నిలకడగా వచ్చాక బొడ్డు దగ్గర ఆపండి, తర్వాత ఇంకా కింద. ఇలా చేస్తే ప్రతిసారీ పని పూర్తి చేసింది పాపే అవుతుంది. మొదటి నుంచి నేర్పితే కష్టమైన దూర్చడం దగ్గరే విసిగి వదిలేస్తుంది. జిప్పు పట్టీకి ఒక రింగు తగిలిస్తే వేళ్లలో పట్టు లేనివాళ్లకూ అందుతుంది.

ఎక్కడ తప్పు జరుగుతుందంటే, మాటలతో. "పట్టుకో, లాగు, ఊఁ, ఇంకొంచెం" అని ప్రతి మెట్టుకూ చెబుతూ పోతే పాప జిప్పు నేర్చుకోదు, మీ మాట కోసం ఎదురుచూడటం నేర్చుకుంటుంది. మాటసాయం అన్నిటికన్నా తేలికగా ఇస్తాం, తగ్గించడం అన్నిటికన్నా కష్టం. వీలైన చోటల్లా నోరు కట్టేసుకుని వేలితో చూపించండి. చెయ్యి వేయక తప్పనప్పుడు వెనక నుంచి వేయండి. చూపూ వినికిడీ రెండూ లేని పిల్లల దగ్గర మీ చెయ్యి వాళ్ల చేతి కింద ఉండాలి, పైన కాదు. అప్పుడే వద్దనుకుంటే చెయ్యి తీసుకునే స్వేచ్ఛ వాళ్లకుంటుంది.

ప్రశ్న అడిగితే జవాబు లేదు. మళ్లీ అడగాలా?

ముందు ఆగండి. అమెరికాలో మేరీ బడ్ రోవ్ అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో మామూలు తరగతుల్లోనే గమనించిన విషయం ఇది: టీచర్లు ప్రశ్న వేశాక ఒక సెకను పాటే ఆగుతున్నారు. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మెరుగయ్యాయి. మాట అర్థం చేసుకోవడానికి, శరీరాన్ని కదిలించడానికి ఎక్కువ సమయం పట్టే పిల్లలకు అది కూడా చాలదు. మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ స్పందన లేకపోతే అవే మాటలతో మళ్లీ అడగండి. మాటలు మారిస్తే అది వాళ్లకు ఇంకో కొత్త ప్రశ్న, మళ్లీ మొదటి నుంచి అర్థం చేసుకోవాలి.

వాక్యం చిన్నదిగా ఉండాలి. "నువ్వు ఆ పుస్తకం తీసి లోపల పెట్టేసి వస్తావా?" కన్నా "పుస్తకం లోపల పెట్టు" నయం. చేయక తప్పని పనిని ప్రశ్నగా అడగకండి. "చేద్దామా?" అంటే "వద్దు" అనే హక్కు ఇచ్చినట్టే. ఆ తర్వాత బలవంతంగా చేయిస్తే మీ మాటకు విలువ పోతుంది.

మాటలు రాని పిల్లలతో ఎలా?

మాటలు రాకపోయినా చెప్పుకోవాల్సింది వాళ్లకు చాలా ఉంటుంది. బొమ్మల కార్డులు, సైగలు, మాట్లాడే ట్యాబ్లెట్ వాళ్ల గొంతు. అల్లరి చేశాడని ట్యాబ్లెట్ లాక్కోవడం, "ఇప్పుడు కాదు" అని కార్డుల పుస్తకం పక్కన పెట్టేయడం ఎవరు చేసినా తప్పే. పిల్లలు అందులో మాట్లాడాలంటే ముందు మీరు అందులో మాట్లాడాలి. "బంతి కావాలా?" అంటూనే బంతి బొమ్మను వేలితో తాకండి. వాళ్లు తిరిగి తాకాలని పట్టుబట్టకండి.

బొమ్మకార్డు ఇచ్చి కావలసింది అడిగే పెక్స్ పద్ధతి చాలా బడుల్లో వాడతారు. 1985లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ దీన్ని రూపొందించారు. దీని మొదటి దశకు ఇద్దరు పెద్దవాళ్లు కావాలి, ఆ రెండో మనిషి పాత్ర తరచూ వాలంటీర్‌కే వస్తుంది. టీచర్ ఎదురుగా బాబుకు ఇష్టమైన వస్తువు పట్టుకుంటారు. మీరు బాబు వెనక కూర్చుంటారు. బాబు వస్తువు కోసం చెయ్యి చాచిన క్షణంలో, అంతకుముందు కాదు, మీరు ఆ చేతిని కార్డు మీదికి మళ్లించి, తీసి టీచర్ చేతిలో పెట్టేలా సాయపడాలి. టీచర్ వెంటనే వస్తువు పేరు చెప్పి ఇచ్చేస్తారు. మీరు మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. "కార్డు ఇవ్వు" అన్నారంటే, ఎవరో చెబితేనే కార్డు ఇవ్వాలని బాబు నేర్చుకుంటాడు. తనంతట తాను వచ్చి అడగడమే ఈ పద్ధతి ఉద్దేశం, అది అక్కడే దెబ్బతింటుంది.

ఒక హెచ్చరిక. పిల్లల చెయ్యి లేదా మోచెయ్యి పట్టుకుని అక్షరాల బోర్డు మీద వాళ్ల "మాటలు" టైపు చేయించే పద్ధతి ఒకటుంది. పట్టుకున్నవాళ్లకు, పిల్లలకు వేర్వేరు బొమ్మలు చూపించి 1990ల్లో పరీక్షించినప్పుడు, వస్తున్న జవాబులు పట్టుకున్నవాళ్లవేనని తేలింది. వాళ్లకు తెలియకుండానే అలా జరుగుతోంది. అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో దీన్ని వాడవద్దని స్పష్టంగా ప్రకటించింది. ఎవరు చేయమన్నా చేయకండి.

చదవడంలో ఇబ్బంది ఉన్నవాళ్ల పక్కన కూర్చుంటే?

ఇది వాలంటీర్లు చాలా బాగా చేయగలిగిన పని. జంటగా చదివే పద్ధతి తేలిక: పుస్తకం వాళ్లే ఎంచుకుంటారు, ఇద్దరూ కలిసి పైకి చదువుతారు. ఒంటరిగా చదవాలనిపించినప్పుడు ముందే అనుకున్న సైగ చేస్తారు, బల్ల మీద తట్టడం లాంటిది. మీరు వెంటనే ఆపేయాలి. ఏదైనా మాట దగ్గర తప్పితే 4, 5 సెకన్లు ఆగండి. సరిదిద్దుకోకపోతే మీరు ఆ మాట సరిగ్గా చెప్పండి, వాళ్లు తిరిగి అంటారు, మళ్లీ కలిసి ముందుకు సాగండి. అక్షరం అక్షరం కూడబలికించకండి, "ఇది నిన్న చదివావుగా" అనకండి. పావుగంట చాలు.

కేకలు వేస్తూ వస్తువులు విసిరేస్తుంటే?

టీచర్‌ను పిలవండి. అప్పటిదాకా మాటలు తగ్గించండి, గొంతు తగ్గించండి, రెండడుగులు వెనక్కి జరగండి. దారికి అడ్డంగా నిలబడకండి. చుట్టూ ఉన్న పిల్లలను, పదునైన వస్తువులను పక్కకు జరపండి. "నా వైపు చూడు" అనకండి. పట్టుకుని ఆపడం శిక్షణ పొందిన సిబ్బంది పని, వాలంటీర్ చేయకూడదు. మీ జుట్టు పట్టుకుంటే లాక్కోకండి. ఆ పిడికిలిని మీ తలకే అదిమి పట్టి సాయం వచ్చేదాకా కదలకుండా ఉండండి.

అంతా సద్దుమణిగాక మూడు విషయాలు రాసి టీచర్‌కివ్వండి: సరిగ్గా ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. "కోపంగా ఉన్నాడు" అని కాదు, "రాత పుస్తకం ముందు పెట్టగానే పెన్సిల్ విసిరాడు, బయట కుర్చీలో కూర్చోబెట్టారు" అని రాయాలి. ఈ రెండో వాక్యంలో కారణం కనిపిస్తోంది, పెన్సిల్ విసిరితే రాత తప్పింది. అంటే శిక్ష అనుకున్నది అతనికి కోరుకున్నదే అయింది. ఇలాంటి కాగితాలు నాలుగైదు పోగైతే టీచర్ రాత పనిని చిన్న ముక్కలు చేయవచ్చు, విరామం కావాలని అడగడానికి ఒక కార్డు నేర్పవచ్చు.

వెలుతురు, రొద, జనం భరించలేక కుప్పకూలిన పిల్లలకు, కావలసింది సాధించుకోవడానికి ఏడ్చే పిల్లలకు తేడా ఉంది. మొదటివాళ్లు ఎవరైనా చూస్తున్నారా లేదా అన్నది పట్టించుకోరు, అడిగింది ఇచ్చినా ఆగలేరు. వాళ్లకు కావలసింది చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోటు, కొంత సమయం. బుద్ధి చెప్పడానికి అది వేళ కాదు.

ఫిట్స్ వస్తే?

గడియారం చూడండి. మొదటి పని అదే. తల కింద మెత్తటిది పెట్టండి, చుట్టూ గట్టి వస్తువులు జరపండి, మెడ దగ్గర బిగుతు వదులు చేయండి. కాళ్లూ చేతులూ అదిమి పట్టకండి. నోట్లో చెంచా, గుడ్డ, వేలు, నీళ్లు ఏదీ పెట్టకండి. నాలుక మింగేయడం అనేది జరగదు, నోట్లో ఏదైనా పెడితే పళ్లు విరగడం, ఊపిరి అడ్డుపడటం మాత్రం జరుగుతాయి. చేతిలో తాళాలు పెట్టినా ఫిట్స్ ఆగవు. కొట్టుకోవడం ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తెలివి వచ్చేదాకా పక్కనే ఉండండి.

5 నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకుండానే ఇంకొకటి వచ్చినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, దెబ్బ తగిలినా, అది మొదటిసారి అయినా అంబులెన్సు పిలవాలి. కొన్ని ఫిట్స్‌లో ఏమీ కొట్టుకోరు. కొన్ని సెకన్ల పాటు చూపు శూన్యంలో నిలిచిపోతుంది, తర్వాత ఏమీ జరగనట్టే ఉంటారు. "పరధ్యానం" అని వదిలేయకుండా ఎన్నిసార్లు చూశారో టీచర్‌కు చెప్పండి.

చక్రాల కుర్చీ తోయడం తెలుసుకోవాలా?

తోయబోయే ముందు అడగండి. కుర్చీ వాళ్ల శరీరంలో భాగం లాంటిది. చెప్పకుండా వెనక నుంచి కదిపితే ఎవరికైనా గుండె జారుతుంది. కదిలేముందు పాదాలు ఫుట్‌రెస్టు మీద ఉన్నాయా, మోచేతులు చక్రాలకు తగలకుండా ఉన్నాయా, బెల్టు పెట్టి ఉందా చూడండి. ఆగిన ప్రతిసారీ రెండు బ్రేకులూ వేయండి. హ్యాండిళ్లకు బరువైన సంచులు తగిలిస్తే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. బాగా ఏటవాలుగా ఉన్న దారి దిగేటప్పుడు మీరు వెనక్కి నడుస్తూ కుర్చీని వెనకవైపుగానే దించండి. కుర్చీలోంచి ఎత్తి దించడం మీ పని కాదు. తప్పుగా ఎత్తితే తుంటి కీలు తప్పుతుంది, మీ నడుమూ పోతుంది. మాట్లాడేటప్పుడు మీరూ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చోండి.

చూపు లేని, వినికిడి లేని పిల్లల దగ్గర ఏం గుర్తుంచుకోవాలి?

చూపు లేనివాళ్ల దగ్గరికి వెళ్లగానే మీ పేరు చెప్పండి, వెళ్లిపోయేటప్పుడూ చెప్పండి. లేకపోతే ఖాళీ గదితో మాట్లాడుతుంటారు. నడిపించేటప్పుడు వాళ్లను మీరు పట్టుకోకూడదు, మిమ్మల్ని వాళ్లు పట్టుకోవాలి: మోచేతికి కాస్త పైన, చిన్నపిల్లలైతే మణికట్టు దగ్గర. మీరు అరడుగు ముందుండండి. మెట్ల దగ్గర ఆగి ఎక్కడమో దిగడమో చెప్పండి. "అక్కడ", "ఇదిగో" అనే మాటలు పనికిరావు. "నీ కుడిచేతి పక్కన" అనండి. వాళ్ల వస్తువులు చోటు మార్చకండి.

వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లతో ఒకటి రెండు మీటర్ల దూరంలో, వెలుతురు మీ ముఖం మీద పడేలా నిలబడి మాట్లాడండి. కిటికీ మీ వెనకుంటే మీ ముఖం నల్లగా కనిపిస్తుంది. అరవకండి, శబ్దం చెదిరిపోతుంది. ప, బ, మ పెదవుల మీద ఒకేలా ఉంటాయి. అందుకే అర్థం కాని వాక్యాన్ని ఇంకో మాటతో చెబితే అందవచ్చు. అవే మాటలతో మళ్లీ అడగమన్న ఇందాకటి సలహాకు ఇది తిరగబడినట్టుంది నిజమే. అక్కడ అడ్డంకి ఆలోచించుకునే సమయం, ఇక్కడ వినబడటం.

ఆటలప్పుడు, వేడుకలప్పుడు జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

రెండు తప్పక తెలియాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడ పైభాగంలోని మొదటి రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. పిల్లిమొగ్గలు, తల మీద బరువు పడే ఆటలు టీచర్ అనుమతి లేకుండా వద్దు. స్పైనా బైఫిడా (పుట్టుకతోనే వెన్నెముక పూర్తిగా మూసుకోని స్థితి) ఉన్న పిల్లల్లో రబ్బరు పాలతో చేసిన లేటెక్స్ అంటే తీవ్రమైన అలర్జీ ఎక్కువ. గది అలంకరణకు బెలూన్లు తెచ్చేముందు అడగండి. చేతి తొడుగులు కూడా లేటెక్స్ లేనివే వాడాలి.

దగ్గరకు తీసుకోవచ్చా? బాత్రూముకు తీసుకెళ్లవచ్చా?

బాత్రూము, బట్టలు మార్చడం సిబ్బంది పని. మూసిన గదిలో ఏ పిల్లలతోనూ ఒంటరిగా ఉండకండి. పిల్లలు వచ్చి కౌగిలించుకుంటే విదిలించవద్దు. పక్కకు తిరిగి భుజం మీద చెయ్యి వేయండి, తర్వాత చేతులు కలపడం అలవాటు చేయండి. పదేళ్ల వయసులో అందరినీ కౌగిలించుకోవడం ముద్దుగా ఉంటుంది. ఇరవై ఏళ్లప్పుడు అదే అలవాటు వాళ్లను చిక్కుల్లో పడేస్తుంది, మోసపోయేలా చేస్తుంది.

ఫొటోలు తీయవచ్చా? తల్లిదండ్రులు అడిగితే ఏం చెప్పాలి?

ఫొటోలు వద్దు, ముఖాలు కనిపించకపోయినా వద్దు. అమ్మానాన్నలు "మావాడు ఈరోజు ఎలా ఉన్నాడు?" అని అడిగితే నమస్కరించి "టీచర్ గారు చెబుతారండి" అనండి. మంచి కబురైనా సరే. ఎందుకంటే రేపు చెడ్డ కబురు ఉన్న రోజున మీ మౌనమే వాళ్లకు జవాబైపోతుంది. ఒంటి మీద దెబ్బలు కనిపించినా, పిల్లలు భయపడే విషయం ఏదైనా చెప్పినా అదే రోజు బడిలో పిల్లల రక్షణకు బాధ్యులైన అధికారికి తెలియజేయండి. మీరు విచారించకండి, "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, విన్న మాటలు విన్నట్టే రాసిపెట్టండి.

మధ్యలో మానేయాల్సి వస్తే?

కనీసం మూడు వారాల ముందు టీచర్‌కు చెప్పండి. పిల్లలకు ఎప్పుడు చెప్పాలో టీచర్ చూసుకుంటారు. కొందరికి నెల ముందు చెబితే నెలంతా దిగులు, కొందరికి ముందు రోజు చెబితే తట్టుకోలేరు. క్యాలెండర్ మీద మీరొచ్చే చివరి రోజులకు గుర్తు పెట్టి ఒక్కొక్కటీ కొట్టేయడం ఎక్కువమందికి పనికొస్తుంది. "మళ్లీ వస్తాలే" అనకండి, వచ్చేదుంటే తప్ప. మీ తర్వాత వచ్చేవాళ్లకు ఒక పేజీ రాసి టీచర్‌కివ్వండి: ఎవరితో ఏ పని ఏ మెట్టు దాకా వచ్చింది, ఏ సాయం మీద ఆగింది, జిప్పు ఎక్కడ ఆపి ఇస్తున్నారు. వీలైతే చివరి రెండు వారాలు కొత్త వాలంటీర్ మీ పక్కన కూర్చుని చూడనివ్వండి.